నిరంకుశుడి నోట దేవుని మాట

2022 మార్చి 18న మాస్కోలోని లుజ్నికీ స్టేడియం జనంతో కిక్కిరిసింది. ఉక్రెయిన్‌పై దాడి మొదలై మూడు వారాలు దాటింది. వేదికనెక్కిన పుతిన్ తన సైనికులను పొగుడుతూ బైబిల్ మాటను అందుకున్నాడు: స్నేహితుల కోసం ప్రాణం పెట్టడాన్ని మించిన ప్రేమ లేదని. యోహాను సువార్త ప్రకారం యేసు ఈ మాట తన శిష్యులతో అన్నది సిలువకు ముందురోజు రాత్రి. అక్కడ ప్రాణం పెట్టేవాడు ఎవరి ప్రాణమూ తీయడు. స్టేడియంలో మాత్రం అదే మాట పొరుగు దేశం మీదికి పంపిన సైన్యానికి ఆశీర్వచనమైంది.

ఈ విద్య పుతిన్‌తో పుట్టింది కాదు. 313లో రోమన్ సామ్రాజ్యం క్రైస్తవులను వేధించడం మానుకుంది. 380లో థియోడోసియస్ చక్రవర్తి క్రైస్తవాన్ని రాజమతం చేశాడు. ఆ తర్వాత కొద్ది ఏళ్లకే ప్రిసిలియన్ అనే స్పెయిన్ బిషప్పును తప్పుడు బోధ చేస్తున్నాడన్న వివాదంలో మరో క్రైస్తవ చక్రవర్తి చంపించాడు. తూర్స్ బిషప్ మార్టిన్ ఆ శిక్షను గట్టిగా వ్యతిరేకించినా ఫలితం లేకపోయింది. పాలకుడు క్రైస్తవం పేరు చెప్పి కత్తి తీసినప్పుడు దెబ్బ ముందుగా తగిలేది అన్యమతస్థులకే అనుకుంటాం. కానీ ఎదురు చెప్పే క్రైస్తవుడు కూడా ఆ వరుసలో మొదట్లోనే ఉంటాడు.

పాలకులకు ఎంతో ఇష్టమైన వాక్యం రోమీయులకు పౌలు రాసిన పత్రిక 13వ అధ్యాయంలో ఉంది. ప్రతివాడూ పై అధికారులకు లోబడాలని, దేవుని వల్ల కలగని అధికారం లేదని అది చెబుతుంది. అదే బైబిల్లో ప్రకటన గ్రంథం 13వ అధ్యాయం రాజ్యాధికారాన్ని సముద్రంలోంచి లేచిన క్రూరమృగంగా చూపిస్తుంది. ఆ అధ్యాయాన్ని ఏ నియంతా వేదికపై చదవడు. దక్షిణాఫ్రికాలో వర్ణవివక్ష ప్రభుత్వం పౌలు పత్రికలోని ఆ 13వ అధ్యాయం మీద ఎలా ఆధారపడిందో 1985లో అక్కడి క్రైస్తవ పండితులు కైరోస్ పత్రంలో విప్పి చెప్పారు.

పాలకుడికీ చర్చికీ మధ్య ఈ బేరం ఎలా కుదురుతుందో స్పెయిన్‌లో స్పష్టంగా కనిపిస్తుంది. 1936 జులైలో తిరుగుబాటు చేసిన జనరల్ ఫ్రాంకో తొలి ప్రకటనలో మతం ఊసే లేదు. అది తర్వాత వచ్చి చేరింది, అందుకు కారణమూ ఉంది. ఫ్రాంకో ఎదిరించిన రిపబ్లిక్ ప్రభుత్వ పక్షం చేతిలో ఉన్న ప్రాంతాల్లో దాదాపు 7,000 మంది ఫాదర్లు, సన్యాసులు, సన్యాసినులు హత్యకు గురయ్యారు. ఆ దుఃఖం నిజమైనది, ఆ భయం నిజమైనది. ఫ్రాంకో ఆ దుఃఖాన్ని తన జెండాకు కట్టుకున్నాడు. సెప్టెంబరు 30న సలమాంకా బిషప్ ప్లా ఇ డెనియల్ ఈ యుద్ధాన్ని క్రూసేడ్, అంటే పవిత్ర మతయుద్ధం అన్నారు. తన నివాస భవనాన్ని ఫ్రాంకోకు ముఖ్య కార్యాలయంగా ఇచ్చారు. 1937 జులైలో బిషప్పులు ఉమ్మడి లేఖతో తిరుగుబాటును సమర్థించారు. సంతకం చేయని కొద్దిమందిలో ఒకరైన తర్రగోనా కార్డినల్ విదాల్ ఇ బర్రాకెర్‌ను ఫ్రాంకో మళ్లీ దేశంలో అడుగుపెట్టనివ్వలేదు. 1943లో ఆయన ప్రవాసంలోనే కన్నుమూశారు. ఫ్రాంకో సేనలు బాస్క్ ప్రాంతంలో కాల్చి చంపినవారిలో ఫాదర్లు కూడా ఉన్నారు. క్రూసేడ్ అన్న నోళ్లకు ఆ మరణాలు పట్టలేదు.

గెలిచాక నాణేలపై ఫ్రాంకో బొమ్మ చుట్టూ ‘దేవుని కృపచేత స్పెయిన్ నాయకుడు’ అని ముద్రించారు. అవిలా తెరెసా పునీతురాలి చేతి అవశేషాన్ని అతను 1975లో చనిపోయేదాకా తన దగ్గరే ఉంచుకున్నాడు. అతని వ్యక్తిగత భక్తి బూటకమని నేను అనను. కానీ ఆ భక్తి అతన్ని మరణశిక్షలపై సంతకాలు పెట్టకుండా ఎన్నడూ ఆపలేదు. 1953లో పోప్‌తో కుదిరిన ఒప్పందం చర్చికి ప్రభుత్వ నిధులిచ్చింది, బిషప్పుల ఎంపికలో ఫ్రాంకోకు పట్టు ఇచ్చింది. ఫాదర్లకు శిక్ష పడితే మామూలు ఖైదీలతో కాకుండా వేరుగా ఉంచాలన్న గౌరవమూ అందులో ఉంది. 1968లో ఆ గౌరవాన్నే ఆధారం చేసుకుని జమోరా జైల్లో ఫాదర్ల కోసం ప్రత్యేక విభాగం తెరిచారు. అందులో ఎక్కువమంది నియంతృత్వాన్ని ఎదిరించిన బాస్క్ ఫాదర్లే.

జర్మనీ కథ పాఠకులకు కొంత తెలిసిందే. నాజీ పార్టీ 1920 నాటి కార్యక్రమంలోనే తనది ‘సానుకూల క్రైస్తవం’ అని చెప్పుకుంది. 1933 నవంబరులో దాని అనుకూల ప్రొటెస్టెంట్ల సభలో పాత నిబంధనను యూదుల గ్రంథమంటూ వదిలేయాలన్న పిలుపు వినిపించింది. యేసు చదివిన లేఖనాలను తీసేస్తే మిగిలేది ఏ క్రైస్తవం? మరుసటి ఏడాది బార్మెన్‌లో దాన్ని తిరస్కరిస్తూ ప్రకటన చేసినవారూ ఉన్నారు. నాజీలను ఎదిరించిన పాస్టర్ బోన్‌హాఫర్‌ను 1945 ఏప్రిల్‌లో ఉరితీశారు. గ్వాటెమాలాలో 1982లో కుట్రతో గద్దెనెక్కిన రియోస్ మాంట్ పెంటెకోస్టల్ విశ్వాసి. ఆదివారాలు టీవీలో నీతిబోధ చేసేవాడు. అదే కాలంలో అతని సైన్యం మాయా ఆదివాసుల గ్రామాలను తగలబెట్టింది.

రష్యాలో ఈ బంధం మరీ పాతది. 1721లో పీటర్ చక్రవర్తి చర్చి అధిపతి అయిన పేట్రియార్క్ పదవినే రద్దు చేసి చర్చిని ప్రభుత్వ శాఖగా మార్చాడు. ఫాదర్లను వేలల్లో కాల్పించిన స్టాలిన్ కూడా యుద్ధంలో చర్చి అవసరం పడేసరికి 1943 సెప్టెంబరు 4న మెట్రోపాలిటన్లనే ముగ్గురు పెద్ద బిషప్పులను క్రెమ్లిన్‌కు పిలిపించాడు. నాలుగు రోజుల్లో పేట్రియార్క్ ఎన్నిక జరిగింది. పుతిన్ ఆ పాత పద్ధతినే వాడుతున్నాడు. 2020లో సైన్యం కోసం కట్టిన ప్రధాన చర్చి మెట్లలో నాజీ సేనల నుంచి పట్టుకున్న ఆయుధాలను కరిగించిన లోహం కలిపారు. 2022 సెప్టెంబరులో పేట్రియార్క్ కిరిల్, విధి నిర్వహణలో చనిపోయే సైనికుడి పాపాలన్నీ కడిగివేయబడతాయని ప్రసంగించారు. చర్చి నిర్దేశించిన ప్రార్థనలో ‘విజయం’ బదులు ‘శాంతి’ అని చదివిన మాస్కో ఫాదర్ ఒకరిని 2023లో ఫాదర్ హోదా నుంచి తొలగించారు.

హంగరీ ప్రధానిగా ఓర్బన్ ఎన్నికల్లో గెలిచి వచ్చినవాడు, ఫ్రాంకో కోవకు చెందడు. కానీ 2011లో అతని ప్రభుత్వం రాజ్యాంగంలో క్రైస్తవాన్ని కీర్తిస్తూనే, కొత్త చట్టంతో అనేక చిన్న చర్చిల గుర్తింపు రద్దు చేసింది. అందులో ఓర్బన్ పిల్లలకు బాప్తిస్మమిచ్చిన పాస్టర్ గాబోర్ ఇవాన్యీ చర్చి కూడా ఉంది. ఆయన నిరాశ్రయులకు ఆశ్రయమిస్తూ ప్రభుత్వాన్ని బాహాటంగా విమర్శించేవారు. ఆ చట్టం మత స్వేచ్ఛను ఉల్లంఘించిందని 2014లో యూరోపియన్ మానవ హక్కుల న్యాయస్థానం తేల్చింది.

ఒకప్పటి వామపక్ష విప్లవకారుడు ఓర్తేగా నికరాగ్వాలో తన పాలనను ‘క్రైస్తవ, సోషలిస్టు, సంఘీభావ’ పాలన అంటాడు. 2005లో అతని పెళ్లి జరిపించింది కార్డినల్ ఒబాండో, ఒకప్పుడు అతని బద్ధ విరోధి. 2023 ఫిబ్రవరిలో ఓర్తేగా 222 మంది రాజకీయ ఖైదీలను విమానమెక్కించి దేశం దాటించాడు. బిషప్ రోలాండో అల్వారెస్ ఆ విమానం ఎక్కనన్నారు. మరునాడే ఆయనకు 26 ఏళ్ల జైలుశిక్ష పడింది, పౌరసత్వం పోయింది. 2024 జనవరిలో వాటికన్‌కు పంపేదాకా ఆయన జైల్లోనే ఉన్నారు.