తపస్సు కాలం, మొక్కులు, సమాధుల పండుగ: మన ఊళ్ళల్లో తిరిగే అపోహలు, అసలు సంగతులు

పాలకొల్లు, నరసాపురం వైపు ఊళ్ళల్లో కతోలిక ఉపదేశిగా పనిచేస్తున్నాను. పిల్లలకు సత్యోపదేశం చెప్పడం, ఫాదర్ గారు రాలేని ఆదివారం వాక్యం చదివి ప్రార్థన నడిపించడం, తపస్సు కాలంలో, అంటే ఈస్టర్‌కు ముందు నలభై రోజుల్లో, శుక్రవారం శుక్రవారం సిలువ మార్గం చేయించడం, ఇదీ నా పని. జనం నన్ను అడిగే వాటిలో చాలా వరకు భయంతో అడిగేవే. "ఇలా చేస్తే దోషమా అండి?", "అలా చెయ్యకపోతే ఏమన్నా అవుద్దా అండి?" అని. మా చుట్టూ లూథరన్ వాళ్ళున్నారు, 1836లో మొదలైన గోదావరి డెల్టా మిషన్ నాటి నుంచి బ్రదరన్ సంఘాలున్నాయి, హిందూ చుట్టాలు సరేసరి, అందరి దగ్గర నుంచీ తలా ఒక నియమం వచ్చి మనింట్లో చేరింది. శ్రీసభ, అంటే మన కతోలిక సంఘం, అడగని వాటికి హడలిపోతూ, అడిగిన వాటిని వదిలేస్తున్నాం.

అపోహ: నలభై రోజులూ నీచు ముట్టకూడదు, ముడితే తపస్సు కాలం చెడిపోయినట్టే.

శ్రీసభ చట్టం ఇంత దూరం వెళ్ళలేదు. తప్పనిసరిగా ఉపవాసం ఉండాల్సిన రోజులు ఏడాది మొత్తంలో రెండే: తపస్సు కాలం మొదలయ్యే విభూది బుధవారం, గుడ్ ఫ్రైడే అనే పవిత్ర శుక్రవారం. అదీ 18 ఏళ్ళు నిండినవాళ్ళకు, 59 దాటనివాళ్ళకు. ఉపవాసం అంటే మంచినీళ్ళు కూడా ముట్టకుండా పడుకోవడం అనుకుంటారు, కాదు. ఒక పూట కడుపునిండా తినొచ్చు, మిగతా రెండు పూటలూ కొంచెం కొంచెం తీసుకోవచ్చు, ఆ రెండూ కలిపినా ఒక పూట భోజనం అంత కాకపోతే చాలు. మాంసం మానడం 14 ఏళ్ళు నిండిన అందరికీ, ఆ రెండు రోజులతో పాటు శుక్రవారాల్లో. శుక్రవారాల సంగతి మాత్రం ఆయా దేశాల పీఠాధిపతులు (బిషప్పులు) మాంసం బదులు వేరే తపస్సుగా మార్చవచ్చు. చేప మాంసం కింద లెక్కకు రాదు, గుడ్డూ పాలూ కూడా రావు.

ఇక్కడే మన డెల్టా తెలివి బయటపడుతుంది. శుక్రవారం కోడి మానేసి రొయ్యల ఇగురు, పీతల పులుసు పెట్టుకుని "మేం మాంసం ముట్టలేదండి" అంటారు. చట్టం ప్రకారం నేను తప్పు పట్టలేను, కానీ కోడి కంటే రొయ్య ఖరీదైన చోట దాన్ని తపస్సు అని మాత్రం నాతో అనిపించకండి. అలాగని నలభై రోజులు దీక్షగా నీచు మానేసేవాళ్ళని నేను ఎప్పుడూ ఆపను, మనసారా చేస్తే అది మంచి పనే. అయితే దాన్ని ఇంటిల్లిపాది మీద రుద్దడం, షుగరు మాత్ర వేసుకునే పెద్దావిడ చేత, కడుపుతో ఉన్న కోడలి చేత, దాళ్వా కోతలకు ఎండలో దిగేవాళ్ళ చేత పస్తులు పెట్టించడం ఎవరూ అడగలేదు. జబ్బు మనిషికి, ఒళ్ళు వంచి కూలి చేసేవాళ్ళకు శ్రీసభే మినహాయింపు ఇస్తుంది. ఆదివారం మామూలుగా తింటే లెక్క తప్పుతుందేమో అని ఇంకో టెన్షన్. విభూది బుధవారం నుంచి పవిత్ర శనివారం దాకా లెక్కపెట్టండి, 46 రోజులు వస్తాయి, అందులో ఆరు ఆదివారాలు తీసేస్తేనే నలభై.

విభూది బుధవారం పూజలో, అంటే గుడిలో ఫాదర్ గారు చేసే దివ్యబలిలో, చదివే సువిశేషం మత్తయి 6వ అధ్యాయం. అందులో ఉపవాసం ఒక్కటే లేదు, దానధర్మం ముందు వస్తుంది, తర్వాత ప్రార్థన, ఆ తర్వాతే ఉపవాసం. నీచు మానేసిన ఇళ్ళల్లో నేను అడిగే ప్రశ్న ఒక్కటే: ఆ కూర డబ్బులు ఎటు పోయాయి? సాధారణంగా దానికి నవ్వే జవాబు.

ఇంకో చిన్న భయం, పూజకు ముందు టీ తాగితే ఆ పూజలో పంచే అప్పం, అదే సత్ప్రసాదం, తీసుకోకూడదని. మన తాతల కాలంలో అర్ధరాత్రి నుంచి ఏమీ తినకూడదన్న నియమం నిజంగానే ఉండేది. 1957లో దాన్ని మూడు గంటలకు తగ్గించారు, 1964లో గంటకు. సత్ప్రసాదం తీసుకునే వేళకు గంట ముందు మానేస్తే చాలు, మంచినీళ్ళు, మందులు ఎప్పుడైనా తీసుకోవచ్చు. ముసలివాళ్ళకు, జబ్బుతో ఉన్నవాళ్ళకు, వాళ్ళను చూసుకునేవాళ్ళకు ఆ గంట కూడా లేదు.

విభూది గురించి రెండు ముక్కలు. అది రాసుకుంటే పాపాలు పోవు, రాసుకోకపోతే శాపం తగలదు. అది జ్ఞానస్నానం లాంటి దివ్యసంస్కారం కాదు, పశ్చాత్తాపానికి గుర్తు. పోయినేడు ఈస్టర్ ముందు ఆదివారం, అదే మట్టల ఆదివారం నాడు దీవించి ఇంటికి తెచ్చుకున్న మట్టలను కాల్చి ఆ బూడిద చేస్తారు, మన దగ్గరైతే అవి చాలాచోట్ల కొబ్బరాకులే. గోడకు గుచ్చిన పాత మట్ట పారేస్తే పాపమేమో అని ఏళ్ళ తరబడి దాచుకునేవాళ్ళు దాన్ని తపస్సు కాలం ముందు గుడికి తెచ్చి ఇస్తే సరిపోతుంది.

అపోహ: ఏడాదిలో అన్నిటికంటే పెద్ద రోజు గుడ్ ఫ్రైడే, ఆ రోజు పూజకు తప్పకుండా వెళ్ళాలి.

ఆ రోజు అసలు పూజే ఉండదు. వాక్యం, సిలువ ఆరాధన, ఆ తర్వాత గురువారం సాయంత్రం పూజలో అభిషేకించి దాచిన సత్ప్రసాదం పంచడం, అంతే. పీఠం మీద గుడ్డ కూడా ఉండదు. శనివారం పగలు కూడా పూజ లేదు. ఈ ఖాళీ అంతా శనివారం రాత్రి కోసం. గుడి బయట చీకట్లో కొత్త నిప్పు వెలిగించి, దానితో పాస్కా (ఈస్టర్) వత్తి వెలిగించి, సృష్టి కథ నుంచి మొదలుపెట్టి పాత నిబంధన పాఠాలు ఏడు దాకా చదివి, నీళ్ళు దీవించి, జ్ఞానస్నానాలు ఇచ్చే రాత్రి అది. ఏడాది మొత్తానికి తలకాయ లాంటి పూజ. మనవాళ్ళేం చేస్తారంటే శుక్రవారం ఎండలో సిలువ వెంట వీధులన్నీ నడిచి, కన్నీళ్ళు పెట్టుకుని, శనివారం రాత్రి మాత్రం "పాఠాలు ఎక్కువండి, పిల్లలు నిద్రపోతారండి" అని ఇంట్లో ఉండిపోతారు. నాకు దీని మీద కొంచెం కోపం కూడా ఉంది. దుఃఖంలో తోడుండి, లేచిన కబురు తెలిసే వేళకు వెళ్ళిపోవడం ఏమిటి? పిల్లలు నిద్రపోతే పోనివ్వండి, చాప పరవండి.

ఇంకా వింత ఏమిటంటే, నలభై రోజులు ఇంత పట్టుగా పాటించినవాళ్ళు పాస్కా కాలం యాభై రోజులని, అది పెంతెకోస్తు దాకా నడుస్తుందని గుర్తే పెట్టుకోరు. ఈస్టర్ సోమవారం మాంసం కొట్టు దగ్గర గుంపు, అక్కడితో సరి.

క్రిస్మస్‌కు సరిగ్గా దీనికి తిరగబడి జరుగుతుంది. డిసెంబరు మొదటి వారం నుంచే సెమీ క్రిస్మస్ పేరుతో కేకులు, పాటలు, స్పీకర్లు. ఆగమన కాలం అన్న నాలుగు ఆదివారాల నిరీక్షణ ఆ హడావుడిలో కొట్టుకుపోతుంది. పండుగ కాలం అసలు మొదలయ్యేది డిసెంబరు 24 రాత్రి, ముగిసేది జనవరిలో క్రీస్తు జ్ఞానస్నాన పండుగతో. అప్పటికి మన ఇళ్ళ మీద స్టార్లు దిగిపోయి ఉంటాయి. సెమీ క్రిస్మస్ చేసుకోవద్దని నేను చెప్పినా వినేవాళ్ళు లేరు కాబట్టి, కనీసం ఆ సాయంత్రం ఒక ఆగమన పాట పాడించండి అంటాను.

అపోహ: పూజ జరుగుతున్నంతసేపూ జపమాల చెప్పుకుంటే రెండు పుణ్యాలు ఒకేసారి.

ఆరవ పౌలు పోపు గారు 1974లో మరియమాత భక్తి మీద రాసిన లేఖలో, దేవార్చన జరుగుతుండగా జపమాల చెప్పడం పొరపాటని నేరుగానే అన్నారు. జపమాల మీద ఆయనకు చులకన లేదు, అదే లేఖలో దాన్ని ఎంతో మెచ్చుకున్నారు. పూజకు ముందు చెప్పుకోండి, తర్వాత చెప్పుకోండి, అక్టోబరులో ఇంటింటికీ తిరిగి చెప్పుకోండి. బ్రదరన్ బంధువులు "మీ జపం బైబిల్లో లేదు" అన్నప్పుడు మొహం మాడ్చుకోకుండా లూకా 1వ అధ్యాయం 28, 42 వచనాలు తీసి చూపించండి, జపమాలలో పదే పదే చెప్పే మంగళవార్త జపం మొదటి సగం అక్కడే ఉంది. బండి అద్దానికి వేలాడే జపమాల యాక్సిడెంట్ ఆపదు, బ్రేకులు చూపించుకోండి.

అపోహ: మొక్కు తీర్చకపోతే మరియమాతకు కోపం వస్తుంది, తరతరాలకూ పట్టుకుంటుంది.

నన్ను ఎక్కువ బాధపెట్టేది ఇదే. ఫిబ్రవరి 11కి గుణదల మాత గుడి, మార్చిలో గౌరీపట్నం నిర్మలగిరి మాత గుడి, ఈ రెండింటికీ మన డెల్టా నుంచి జనం బస్సుల్లో, ఆటోల్లో, కొందరు కాలినడకన వెళ్తారు, తలనీలాలు ఇస్తారు. వెళ్ళండి, నేనూ వెళ్తాను. కానీ "మా నాయనమ్మ గుణదలకు మొక్కుకుని తీర్చకుండా పోయిందండి, అందుకే మా అమ్మాయికి సంబంధాలు తప్పిపోతున్నాయి" అని ఒకరు ఏడుస్తుంటే ఏం చెప్పాలి? శ్రీసభ చట్టంలో ఉన్నదే చెప్తాను. మొక్కు అనేది దేవునికి, తెలిసి, ఎవరి బలవంతమూ లేకుండా చేసే మాట. మాత మన కోసం వేడుకుంటుంది, బాకీ వసూలుకు రాదు. మొక్కు దానంతట అది మొక్కుకున్న మనిషినే కట్టిపడేస్తుంది, మనవరాలిని కట్టిపడెయ్యదు. భయపెట్టి చేయించిన మొక్కు అసలు చెల్లదు. మొక్కుకున్నాక పరిస్థితి మారిపోయి తీర్చలేకపోతే, సరైన కారణం ఉంటే, మీ విచారణ గురువులే, అంటే మీ గుడి ఫాదర్ గారే, దాని నుంచి మిమ్మల్ని విడుదల చేయగలరు, వేరే మంచి పనిగా మార్చగలరు. దానికి ఫీజు లేదు. ఫాదర్ గారి దగ్గర కూర్చుని మాట్లాడితే తేలిపోయే సంగతిని వడ్డీకి డబ్బు తెచ్చి తీర్చుకుంటున్నవాళ్ళని చూస్తున్నాను.

తేదీల మీద కూడా గొడవ పడతారు. మార్చి 25 మంగళవార్త పండుగ, అంటే దేవదూత మరియమాతకు కబురు చెప్పిన పండుగ, ఒక్కోసారి పవిత్ర వారంలో పడుతుంది, 2024లో అలాగే పడింది, అప్పుడు శ్రీసభ క్యాలెండరులో ఏప్రిల్ 8కి జరిపారు. 2027లో మార్చి 25 పవిత్ర గురువారం, కాబట్టి పండుగ ఏప్రిల్ 5కి వెళ్తుంది. తేదీ మారితే ఫలం తగ్గదు.

అపోహ: సమాధుల పండుగ నాడు, నవంబరు 2న, సమాధి దగ్గర పూజ చేయించకపోతే ఆత్మ ఇంటి చుట్టూ తిరుగుతుంది.

శ్రీసభ ఇలా ఎక్కడా చెప్పదు. చనిపోయాక ఆత్మలు శుద్ధి అయ్యే ఉత్తరించు స్థలంలో ఉన్నవాళ్ళకు మన ప్రార్థన సాయపడుతుందని చెబుతుంది, అంతవరకే. సమాధికి సున్నం వేసి, బంతిపూలు పెట్టి, కొవ్వొత్తులు వెలిగించి కాసేపు కూర్చోవడం మంచి అలవాటు. నవంబరు 1 నుంచి 8 దాకా ఏ రోజైనా శ్మశానానికి వెళ్ళి చనిపోయినవాళ్ళ కోసం ప్రార్థించవచ్చు. దుబాయిలోనో కువైట్‌లోనో ఉండి రాలేకపోయిన కొడుకు అక్కడే ప్రార్థించుకున్నా అది చేరాల్సిన చోటికి చేరుతుంది.

పూజకు ఇచ్చే కానుక పూజ ఖరీదు అనుకునేవాళ్ళు కూడా ఉన్నారు, ఎక్కువ ఇస్తే ఎక్కువ పనిచేస్తుందని. ఆ కానుకలో వ్యాపారం ఛాయ కూడా ఉండకూడదని చట్టమే అంటుంది, ఏమీ ఇవ్వలేని పేదవాళ్ళ కోసం కూడా పూజ చేయమని గురువులకు గట్టిగా చెబుతుంది. చేతిలో డబ్బుల్లేవని సిగ్గుపడి అమ్మ పేరు చదివించుకోకుండా ఉండకండి. ఫాదర్ గారిని అడగడానికి మొహమాటమైతే చీటీ మీద పేరు రాసి మీ ఊరి ఉపదేశి చేతికి ఇవ్వండి.