మోటారు కాలిపోలేదండీ: మోడల్ రైలింజన్ల మీద అపోహలు, వాస్తవాలు

"మోటారు కాలిపోయిందండీ, కొత్తది ఎక్కడ దొరుకుతుంది?" భీమవరం కానీ, అమలాపురం కానీ, కాకినాడ కానీ, మోడల్ రైలు ఆగిపోయిన ఇంట్లోంచి మొదట వినిపించే మాట ఇదే. ఇంజను తొడుగైనా విప్పి ఉండరు, తీర్పు మాత్రం వచ్చేసి ఉంటుంది. ఆ మాట నమ్మి బయటి దేశం నుంచి మోటారు తెప్పిస్తారు, దాని మీద కస్టమ్స్ సుంకం కడతారు, తీరా బిగించాక ఇంజను మళ్లీ కదలదు. పాడైంది మోటారు కాదు కాబట్టి. మస్కట్ నుంచి బావగారు పంపిన ఇంజను, పిల్లాడు రోజూ చూసుకునే ఇంజను ఆగిపోతే కంగారు పడడం సహజం. ఆ కంగారులో ఉన్నవాళ్లకి చూడకుండానే "కాలిపోయింది" అని చెప్పేవాళ్ల మీదే కోపమంతా.

అపోహ: ఇంజను కదలకపోతే మోటారు పోయినట్టే

మోటారు నిజంగా కాలితే దాగదు. కాలిన వార్నిష్ వాసన వస్తుంది, ఆర్మేచర్ (మోటారులో తిరిగే భాగం) తీగ నల్లబడుతుంది. ఆ రెండూ లేకపోతే వరసగా ఇలా చూడండి.

ఇంజన్ని స్పాంజి ముక్కలో వెల్లకిలా పెట్టండి. డీసీ కంట్రోలర్ (పట్టాలకి కరెంటు ఇచ్చి వేగం మార్చే పెట్టె) నుంచి రెండు తీగలు తీసి, 6 వోల్టుల దగ్గర, ఒకటి ఎడమ చక్రానికి, ఒకటి కుడి చక్రానికి తాకించండి. తిరిగితే ఇంజను బాగున్నట్టే, తప్పు పట్టాల్లో ఉంది. ఒక జత చక్రాల దగ్గర తిరిగి ఇంకో జత దగ్గర తిరగకపోతే అక్కడి పికప్ రేకు (చక్రం నుంచి కరెంటు అందుకునే రేకు) చక్రానికి ఆనడం లేదు, లేదా చక్రం మీద నల్లని మడ్డి పేరుకుంది. రబ్బరు టైరు ఉన్న చక్రం కరెంటు తీసుకోదు, దాన్ని పరీక్షించి భయపడకండి.

ఏ చక్రం దగ్గరా తిరగకపోతే తొడుగు విప్పి, అవే తీగలు నేరుగా మోటారు బ్రష్షుల (మోటారు లోపలికి కరెంటు అందించే కార్బన్ ముక్కల) కొసలకి ఇవ్వండి. ఇది డీసీసీ (పట్టాల్లోంచి సంకేతాలు పంపి ఒక్కో ఇంజన్ని విడిగా నడిపే డిజిటల్ పద్ధతి) ఇంజను అయితే ముందు డీకోడర్‌ని (ఆ సంకేతాలు చదివే చిన్న సర్క్యూట్‌ని) సాకెట్ నుంచి తీసేయాలి. అది తగిలి ఉండగా మోటారుకి బయటి కరెంటు ఇస్తే డీకోడర్ పోయే ప్రమాదం ఉంది, దాని ఖరీదు మోటారు కంటే ఎక్కువే ఉండొచ్చు. మోటారు తిరిగిందంటే దోషం పికప్ తీగల్లోనో టంకంలోనో ఉంది. తిరగకుండా గుయ్‌మంటే ఫ్లైవీల్‌ని (మోటారు ఇరుసు మీది బరువు చక్రాన్ని) వేలితో తిప్పి చూడండి. బిగుసుకుపోయి ఉంటే డ్రైవ్ షాఫ్ట్ (మోటారుని గేర్లతో కలిపే కడ్డీ) ఊడదీసి మళ్లీ తిప్పండి. ఇప్పుడు వదులుగా తిరిగితే జబ్బు గేరుపెట్టెలో ఉన్నట్టు. ఏళ్ల తరబడి బీరువాలో ఉన్న ఇంజన్లో గ్రీజు ఎండి మైనంలా గట్టిపడుతుంది. ఇరుసుకి తివాచీ నూలో వెంట్రుకో చుట్టుకుని ఉండడం కూడా మామూలే.

ఇక్కడే అందరూ చేసే పెద్ద తప్పు, "కొంచెం కరెంటు పెంచితే కదులుతుంది" అని కంట్రోలర్ చివరిదాకా తిప్పడం. తిరుగుతున్న మోటారు తనలో ఎదురు వోల్టేజీ పుట్టించుకుని కరెంటుని అదుపులో ఉంచుతుంది. బిగుసుకున్న మోటారులో అది పుట్టదు, వచ్చిన కరెంటంతా తీగచుట్టల్లో వేడి అవుతుంది. మోటార్లు చాలావరకు కాలేది ఇలాగే. కాస్త గ్రీజుతో తేలే పని, ఆ ఒక్క తిప్పుడుతో నిజంగానే కొత్త మోటారు దాకా పోతుంది. దయచేసి పెంచకండి.

ఇంకా అనుమానముంటే బ్రష్షులు తీసి, మల్టీమీటర్‌తో కమ్యుటేటర్ (బ్రష్షులు రాసుకునే రాగి రేకుల చుట్టు) మీద పక్కపక్కనున్న రేకుల మధ్య నిరోధం కొలవండి. మూడు ధ్రువాల మోటారైతే మూడు కొలతలు, ఐదు ధ్రువాలదైతే ఐదు. అన్నీ దాదాపు సమానంగా ఉంటే చుట్టలు క్షేమం. ఒకటి మిగతావాటికంటే బాగా తక్కువ ఉన్నా, బాగా ఎక్కువ ఉన్నా, అసలు చూపించకపోయినా అప్పుడు మోటారు పోయిందనండి, ఒప్పుకుంటాం. కొలిచే ముందు రేకుల మధ్య సందుల్లో చేరిన కార్బన్ పొడిని పన్ను పుల్లతో తీయాలి, సూదితో గీకకూడదు. ఆ పొడి రెండు రేకుల్ని కలిపేస్తే మంచి మోటారు కూడా వేడెక్కి నెమ్మదిస్తుంది. కమ్యుటేటర్‌ని ఐసోప్రొపైల్ ఆల్కహాల్ అద్దిన ఇయర్‌బడ్‌తో తుడిచి, ఆరాక బ్రష్షులు పెట్టండి. అరిగి మూడో వంతే మిగిలిన బ్రష్షు మార్చేయాలి.

చక్రాలు తుడవడానికి తేలిక మార్గం ఉంది. అదే ఆల్కహాల్‌తో తడిపిన టిష్యూ కాగితం పట్టాల మీద అడ్డంగా పరిచి, ఒక బోగీ (ఇంజను కింద చక్రాలు బిగించిన చట్రం) కాగితం మీద, రెండోది పట్టా మీద ఉండేలా ఇంజన్ని చేత్తో పట్టుకుని నడపండి. కాగితం మీద నల్లటి చారలు పడడం ఆగేదాకా చోటు మారుస్తూ ఉండండి. తరవాత ఇంజన్ని తిప్పి రెండో బోగీ.

చక్రం తిరిగే ప్రతి చుట్టుకీ ఇంజను టిక్కుమని కుంటుతుంటే ఇరుసు మీది ప్లాస్టిక్ గేరు చీలి ఉండొచ్చు. ఫెవిక్విక్ లాంటివి ఆ జాతి ప్లాస్టిక్‌ని పట్టుకోవు, పైగా వాటి ఆవిరికి ఇంజను కిటికీ అద్దాలు తెల్లగా మసకబారతాయి. పళ్ల సంఖ్య, ఇరుసు మందం సరిచూసుకుని గేరు మార్చడమే దారి.

అపోహ: నూనె ఏదైనా నూనే

కోనసీమలో కొబ్బరి నూనెకి కరువు లేదు కాబట్టి చెయ్యి దాని మీదికే పోతుంది. వద్దు. 24 డిగ్రీల దగ్గర గడ్డకట్టే నూనె అది, ధనుర్మాసపు తెల్లవారుజామున గేరుపెట్టెలో పేరుకుపోతుంది. పాతబడితే జిగురై దుమ్ము పట్టేస్తుంది. తుప్పు వదిలించే స్ప్రేలు కూడా ఎక్కువకాలం కందెన పని చేయవు. ప్లాస్టిక్‌కి హాని చేయదని సీసా మీద రాసి ఉన్న పలుచటి నూనె, సూది మొన మీద నిలిచినంత, ప్రతి బేరింగుకీ ఒక్కటే చుక్క. గేర్లకి ప్లాస్టిక్‌కి సరిపడే గ్రీజు, ఒక పంటి మీద పెడితే తిరిగి తిరిగి అదే అంతా పాకుతుంది. కమ్యుటేటర్ మీద ఒక్క చుక్క కూడా పడకూడదు. పెట్రోలు, థిన్నరు రంగునీ ప్లాస్టిక్‌నీ తినేస్తాయి, నిప్పు ప్రమాదం సరేసరి.

అపోహ: గోదావరి ఇసుక ఉండగా కంకర కొనడమెందుకు

ఇది మన ప్రాంతపు సొంత సమస్య, కాస్త నిదానంగా చదవండి. మన ఇసుకలో, అంతర్వేది వైపు తీరపు ఇసుకలో మరీ ఎక్కువగా, నల్లటి రేణువులు కనిపిస్తాయి. వాటిలో మాగ్నటైట్ ఉంటుంది, అంటే అయస్కాంతానికి అంటుకునే ఇనుప ఖనిజం. ఇంజను మోటారులో ఉన్నది శాశ్వత అయస్కాంతం. పట్టాల మధ్యనుంచి రేణువుల్ని పైకి లాక్కుంటుంది, అవి గాలిసందులో (అయస్కాంతానికీ ఆర్మేచర్‌కీ మధ్య ఖాళీలో) ఇరుక్కుని ఆర్మేచర్‌ని గీస్తాయి. ఇసుక వాడాలనుకుంటే వాడండి, కానీ రెండు మూడు నీళ్లు కడిగి, తీరపు ఇసుకైతే ఉప్పు పోయేదాకా ఇంకా కడిగి, ఎండబెట్టండి. పళ్లెంలో పలుచగా పరిచి, కాగితంలో చుట్టిన గట్టి అయస్కాంతాన్ని నల్లపొడి అంటడం మానేదాకా తిప్పండి. అసలు రైల్వే కంకర 20 నుంచి 65 మి.మీ. హెచ్‌ఓలో, అంటే 87వ వంతులో, అది ముప్పాతిక మి.మీ. లోపే. ఆ కొలతకి జల్లించకపోతే పట్టాల పక్కన బండరాళ్లు పోసినట్టు కనిపిస్తుంది. అతికించడానికి ఒక పాలు ఫెవికాల్, మూడు పాళ్లు నీళ్లు, ఒక చుక్క గిన్నెలు తోమే ద్రవం. పాయింట్ల (రైలు ఒక లైను నుంచి ఇంకో లైనుకి మారే చోట్ల) కదిలే నాలుకల దగ్గర జిగురు పోయకండి.

ఆగిన ప్రతి మోటారూ ఉప్పుగాలికే పాడైందనుకోకండి. తేమకి ముందు చెడేది ప్లైవుడ్డు. బోర్డు కింద, అంచుల్లో కూడా వార్నిష్ పూయకపోతే వానాకాలంలో ఉబ్బి పట్టాల్ని వంకర తిప్పుతుంది. పట్టా వేడికి సాగి వంకర తిరిగిందనుకోకండి, నికెల్ సిల్వర్ (రాగి, నికెల్, జింకు కలిసిన లోహం) పట్టా ఒక మీటరుకి 20 డిగ్రీల తేడాలో సాగేది 0.3 మి.మీ. మాత్రమే.

అపోహ: ప్రదర్శన అంటే పెద్ద లేఅవుట్ ఉండాలి

తమ లేఅవుట్‌లో (పట్టాలు పరిచిన మోడల్ బోర్డులో) రాజమండ్రి ఆర్చి వంతెన మొత్తం కట్టాలని చాలామందికి ఆశ. లెక్క వేసి చూడండి. ఒక్కోటి 97.55 మీటర్ల ఖానాలు (రెండు స్తంభాల మధ్య భాగాలు) 28 ఉన్నాయి. హెచ్‌ఓలో ఒక్క ఖానా 1.12 మీటర్లు, వంతెన మొత్తం 31 మీటర్లు దాటుతుంది. ఎన్ స్కేలులో, అంటే 160వ వంతులో, ఖానా 61 సెం.మీ. రెండు ఖానాలు నిజాయితీగా కట్టి, మిగతా వంతెన వెనుక తెర మీద గీయండి, అందం ఏమాత్రం తగ్గదు.

వంపుల దగ్గర మాత్రం పొదుపు చేయకండి. మన ఐసీఎఫ్ (చెన్నై కోచ్ ఫ్యాక్టరీ) ప్రయాణికుల పెట్టె హెచ్‌ఓలో దాదాపు 25 సెం.మీ. 45 సెం.మీ. వ్యాసార్ధపు వంపులో దాని కొసలు బయటికి పొడుచుకొస్తాయి, పాయింట్ల దగ్గర పట్టాలు తప్పుతుంది. 60కి తగ్గించకండి. ఎక్కుడు 100కి 2 మించితే ఇంజను జారే అవకాశం ఉంది. ఒక లైను మీదుగా ఇంకోటి పోవాలంటే 8 సెం.మీ. ఎత్తు కావాలి, అంటే 4 మీటర్ల ఎక్కుడు.

ప్రదర్శన చెడేది ఎక్కువగా కరెంటు దగ్గరే. పట్టాల జాయింటు రేకుల మీద నమ్మకం పెట్టుకోకుండా 1.5 చదరపు మి.మీ. తీగ బోర్డు కింద పొడుగునా లాగి, మీటరుకొక జత తీగలు పైకి తెచ్చి పట్టాకి టంకం వేయండి. డీసీసీ అయితే లేఅవుట్ నలుమూలలా పట్టాల మీద నాణెం అడ్డంగా పెట్టి చూడాలి. బూస్టర్ (పట్టాలకి కరెంటు ఇచ్చే పెట్టె) వెంటనే ఆగిపోవాలి, ఆగకపోతే అక్కడ తీగ చాలడం లేదు. 230 వోల్టుల లైను బోర్డు మీదికి రాకూడదు, ఆర్‌సీసీబీ (కరెంటు లీకైతే సరఫరా ఆపేసే స్విచ్చు) తప్పనిసరి. హాలు కరెంటు పోయి జనరేటర్ వేసినప్పుడు వోల్టేజీ ఎగిరిపడుతుంది కాబట్టి కంట్రోలర్‌ని యూపీఎస్ మీద పెట్టండి. బోర్డు ఎత్తు 90 సెం.మీ. ఉంటే పిల్లలకి కనిపిస్తుంది, అంచున 15 సెం.మీ. అక్రిలిక్ రేకు ఉంటే చేతులు పట్టాల మీదికి రావు. ఒకే ఇంజన్ని రోజంతా తిప్పకుండా రెండు రైళ్లు పెట్టుకుని అరగంటకొకసారి మార్చండి. ఏసీ కారులో తెచ్చిన ఇంజన్లని హాలులో వెంటనే విప్పితే లోపల చెమ్మ పడుతుంది, పెట్టె మూసి ఉంచి గంట ఆగాక తీయండి.