వెనక యాక్సిల్‌లో పళ్ల లెక్క

పాత కాంటెస్సా కారులో కొత్త ఇంజిన్ వేయించినవాడు ఆ ముచ్చట కనిపించిన ప్రతివాడికీ చెబుతాడు. అల్లాయ్ వీల్స్ వేయించినవాడు ఫొటోలు పెడతాడు. వెనక చక్రాల మధ్య ఉండే యాక్సిల్ హౌసింగ్‌లో క్రౌన్, పినియన్ మార్పించినవాడికి మాత్రం చూపించడానికి ఏమీ ఉండదు. ఆ రెండు పళ్లచక్రాలూ చిక్కటి నూనెలో మునిగి ఇనపగుల్లలో దాక్కుంటాయి. కానీ పెట్టిన డబ్బుకు బండి న్యాయం చేస్తుందా లేదా అన్నది చాలావరకు అక్కడే తేలుతుంది.

గేర్‌బాక్స్ నుంచి వెనక యాక్సిల్ దాకా వచ్చే పొడుగాటి కడ్డీ, అంటే ప్రొపెల్లర్ షాఫ్ట్, చివర ఉండే చిన్న పళ్లచక్రం పినియన్, అది తిప్పే పెద్దది క్రౌన్. క్రౌన్‌కి 43 పళ్లు, పినియన్‌కి 10 ఉంటే నిష్పత్తి 4.30. అంటే షాఫ్ట్ 4.3 చుట్లు తిరిగితే చక్రం ఒక్క చుట్టు తిరుగుతుంది. వేగం ఎన్ని రెట్లు తగ్గిందో తిప్పే బలం, అంటే టార్క్, అన్ని రెట్లు పెరుగుతుంది. అదే పినియన్‌కి 11 పళ్లుంటే నిష్పత్తి 3.91. ఒక్క పన్ను తేడాతో బండి నడకలో పది శాతం మార్పు.

ఆటోనగర్‌లో ఏ ఉస్తాద్‌ని అడిగినా చెప్పేది ఒకటే: “పెద్ద రేషియో ఎక్కించు భాయ్, పికప్ వస్తది.” అందులో నిజం సగమే. యాక్సిల్ ఇంజిన్ పవర్‌ని రవ్వంత కూడా పెంచదు, పైగా రాపిడిలో కొంత తినేస్తుంది. అది చేసేదల్లా ఇంజిన్ బలంగా లాగే ఆర్‌పీఎంని (నిమిషానికి తిరిగే చుట్లని) రోడ్డు మీద ఏ వేగానికి ముడిపెట్టాలో తేల్చడం. ఉదాహరణకు చక్రం ఒక చుట్టుకు 1.85 మీటర్లు దొర్లే కారు, రెండో గేరు నిష్పత్తి 2.0, ఇంజిన్ పరిమితి 5500 ఆర్‌పీఎం అనుకుందాం. 4.30తో రెండో గేరు 71 కిలోమీటర్ల దగ్గర అయిపోతుంది, 3.91తో 78 దాకా లాగుతుంది. 71 లోపు మొదటి కారు తోపు పది శాతం ఎక్కువ. 71కీ 78కీ మధ్య అది మూడో గేరులోకి దిగిపోయి ఉంటుంది, రెండోది ఇంకా రెండో గేరులోనే లాగుతుంటుంది. ఆ కాస్త దూరం పికప్ సాధారణంగా చిన్న నిష్పత్తి కారుదే. సిగ్నల్ దగ్గర కుదుపుగా దూకింది కాబట్టి బండి మొత్తంగా వేగం పుంజుకుందనుకోవడం వీపుకు తగిలిన దెబ్బను బట్టి వేసిన లెక్క.

ఇక హైదరాబాద్ రోడ్ల సంగతి. సాయంత్రం అమీర్‌పేట, పంజాగుట్ట ట్రాఫిక్‌లో బండి మొదటి గేరులో పాకుతుంటుంది. మొదటి గేరు 3.6, యాక్సిలరేటర్ తొక్కనప్పటి ఇంజిన్ వేగం (ఐడిల్) 800 ఆర్‌పీఎం అనుకుంటే, క్లచ్ పూర్తిగా వదిలేసినా 4.88 యాక్సిల్ కారు గంటకు 5 కిలోమీటర్ల వేగంతో, దాదాపు మనిషి నడకలో, పోతుంది. 3.91 కారు 6.3 వేగం అందుకుంటుంది. ముందున్న ఆటో అంతకన్నా నెమ్మదిగా కదులుతుంటే డ్రైవరు మాటిమాటికీ క్లచ్ తొక్కాలి. క్లచ్ ప్లేటుకు పెద్ద నిష్పత్తే మేలు.

అదే కారును ఔటర్ రింగ్ రోడ్డు ఎక్కించండి. 158 కిలోమీటర్ల ఆ దారిలో వేగ పరిమితి 120. ఆ వేగంలో మన చక్రం నిమిషానికి సుమారు 1080 చుట్లు తిరుగుతుంది. ఐదో గేరు 0.85 అయితే ఇంజిన్ 4.88తో 4480, 4.30తో 3950, 3.91తో 3590 ఆర్‌పీఎంలో ఉంటుంది. ఐదో గేరే లేని పాత నాలుగు గేర్ల డబ్బాలో, టాప్ గేరు నేరుగా 1.0 అయినప్పుడు, 4.88తో అది 5270. శంషాబాద్ నుంచి ఘట్‌కేసర్ దాకా అట్లా అరుస్తూ పోతే చెవులూ పోతాయి, పెట్రోలూ పోతుంది. నన్నడిగితే అలాంటివాళ్లు యాక్సిల్ జోలికి పోకుండా ఆ డబ్బుతో ఐదు గేర్ల డబ్బా వెతుక్కోవాలి. అందుకే నిష్పత్తిని ఎప్పుడూ టాప్ గేరు నుంచి వెనక్కి లెక్కేసుకుంటూ రావాలి. అలాగని మరీ చిన్నది పెట్టినా ప్రమాదమే. గాలి నిరోధాన్ని తట్టుకోవడానికి కావలసిన పవర్ వేగానికి ఘనంలో పెరుగుతుంది. 60 కిలోమీటర్ల దగ్గర కావలసినదానికి 120 దగ్గర ఎనిమిది రెట్లు కావాలి. తక్కువ ఆర్‌పీఎంలో అంత పవర్ ఇవ్వలేని ఇంజిన్ చిన్న ఎత్తు వచ్చినా నాలుగో గేరు అడుగుతుంది.

ఇంకో సంగతి ఇక్కడివాళ్లు పెద్దగా పట్టించుకోరు. హైదరాబాద్ సముద్రమట్టానికి దాదాపు 540 మీటర్ల ఎత్తున ఉంది. ఇక్కడ గాలి పీడనం సముద్రతీరంలో కన్నా సుమారు ఆరు శాతం తక్కువ. టర్బో లేని ఇంజిన్ టార్క్ కూడా దాదాపు అంతే తగ్గుతుంది. మే నెల మధ్యాహ్నాల్లో గాలి వేడెక్కి ఇంకా పలచబడుతుంది. తీరప్రాంతంలో 4.10 సరిపోయిన కారుకు ఇక్కడ 4.30 వేస్తే, చక్రం దగ్గర పోయిన బలం చాలావరకు తిరిగి వస్తుంది. టర్బో బండికి ఈ బాధ తక్కువ.

టైరు సైజు తేల్చకుండా యాక్సిల్ గురించి మాట్లాడటం దండగ. టైరు వ్యాసం పది శాతం పెరిగితే 4.30 యాక్సిల్ 3.91లా నడుస్తుంది. లావు టైర్లు వేసి బండి మొద్దుబారిందని కార్బురేటర్‌ను తిట్టేవాళ్లు ఎంతమందో. రెండో ప్రపంచయుద్ధపు విల్లీస్ జీపు యాక్సిల్ 4.88, ఇంజిన్ 4000 ఆర్‌పీఎం దగ్గర 60 హార్స్‌పవర్ ఇచ్చేది, గరిష్ఠ వేగం గంటకు 105 కిలోమీటర్లు. దాని 16 అంగుళాల రిమ్ము టైరుతో లెక్కేస్తే 105 దగ్గర ఇంజిన్ సరిగ్గా 4000కు కాస్త ఇవతల ఉంటుంది. ఇంజిన్, టైరు, యాక్సిల్ మూడూ కలిపి చేసిన లెక్క అది. మూడింట్లో ఒకటి మార్చి మిగతా రెంటినీ వదిలేస్తే లెక్క తప్పుతుంది.

ఆ 4.88 ఎలా వచ్చిందో చూస్తే ముచ్చటేస్తుంది: 39 పళ్లు, 8 పళ్లు. 40, 8 పెట్టి చక్కగా 5 అని ఎందుకు చేయలేదు? అలా చేస్తే పినియన్ మీది ప్రతి పన్నూ క్రౌన్‌లో ఎప్పుడూ ఆ ఐదు పళ్లతోనే కలుస్తుంది. ఒక పన్నులో చిన్న లోపముంటే ఆ ఐదే అరిగిపోతాయి. 39కీ 8కీ ఉమ్మడి భాజకం లేదు కాబట్టి ప్రతి పన్నూ అవతలి అన్ని పళ్లతోనూ వంతులవారీగా కలుస్తుంది, అరుగుదల సమంగా పంచుకుంటాయి. నిష్పత్తుల్లో ఈ వంకర అంకెలు అందుకే. క్రౌన్, పినియన్ ఫ్యాక్టరీలో జోడీగానే రుద్ది పంపిస్తారు. ఒక హౌసింగ్‌లోని క్రౌన్, ఇంకో హౌసింగ్‌లోని పినియన్ తెచ్చి కలిపితే ఊళ పెడుతుంది.

సెకండ్‌హ్యాండ్ హౌసింగ్ కొనేటప్పుడు మూత తీయకుండానే నిష్పత్తి తేల్చుకోవచ్చు. ఒక చక్రాన్ని కదలకుండా పట్టి, రెండోదాన్ని సరిగ్గా రెండు చుట్లు తిప్పి, పినియన్ ఫ్లాంజ్ (షాఫ్ట్ బిగించే బయటి పళ్లెం) ఎన్ని చుట్లు తిరిగిందో చూడాలి. రెండు చుట్లు ఎందుకంటే, క్రౌన్ తిరిగేది రెండు చక్రాల సగటు. ఒకటి ఆగి ఉంటే రెండోది రెండింతలు తిరగాలి. నాలుగు చుట్లూ, ఐదో చుట్టులో మూడో వంతుకు కాస్త తక్కువా వస్తే అది 4.30.

ఫోర్‌వీల్ డ్రైవ్ జీపు అయితే ముందు యాక్సిల్ కూడా అదే నిష్పత్తికి మార్చాలి. లేకుంటే తారురోడ్డు మీద నాలుగు చక్రాలూ కలిపిన మరుక్షణం ముందూ వెనకా ఒకదాన్నొకటి లాగుకుంటాయి. స్పీడోమీటర్ కేబుల్ గేర్‌బాక్స్ నుంచి వచ్చే పాత బండ్లలో 3.91 తీసి 4.30 వేస్తే, అసలు వేగం 60 ఉన్నప్పుడు ముల్లు 66 చూపిస్తుంది. డబ్బాలోని చిన్న స్పీడో పినియన్ కూడా మార్చాలి. ఇంజిన్ మార్చినవాళ్లు మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ చదివి ఆర్టీఏ అనుమతి తీసుకోవడం మరవకూడదు.

బిగించడం అందరికీ చేతనయ్యే పని కాదు. పళ్ల మధ్య ఉండాల్సిన ఖాళీ మిల్లీమీటరులో ఐదో వంతుకు అటూ ఇటూ. పళ్లకు రంగు పూసి, తిప్పి, అచ్చు పన్ను మధ్యలో పడేదాకా షిమ్ములు (సందులో పెట్టే పలచటి రేకులు) మారుస్తూ పోవాలి. ఆ ఖాళీని కొలిచే డయల్ గేజ్ లేకుండా చేత్తో ఊపి చూసి ‘చలేగా’ అనే షాపు నుంచి బండిని వెనక్కి తెచ్చుకోవడమే మంచిది. కొత్త సెట్టు మొదటి పాతిక కిలోమీటర్లు నెమ్మదిగా నడిపి, హౌసింగ్‌ను పూర్తిగా చల్లారనివ్వాలి. ఔటర్ ఎక్కడానికి తొందరపడొద్దు. 800 కిలోమీటర్లు తిరిగాక మొదటి నూనె తీసేసి కొత్తది పోయించాలి. క్రౌన్, పినియన్ హైపాయిడ్ రకమైతే, అంటే పినియన్ క్రౌన్ మధ్యకు కాకుండా కాస్త పక్కకు జరిగి ఉండే రకమైతే, పళ్లు దొర్లడంతోపాటు ఒకదానిమీద ఒకటి బలంగా జారుతాయి కూడా, అందుకని అది జీఎల్-5 గేర్ ఆయిలే అయి ఉండాలి.