పర్యావరణం కోసం 5కె పరుగు: బీచ్ రోడ్డు మీద రోజూ వినే అపోహలు, అసలు వాస్తవాలు

ఆరేళ్లుగా విశాఖ బీచ్ రోడ్డు మీద జరిగే చిన్న చిన్న 5కె (5 కిలోమీటర్ల) పరుగులకి పనిచేస్తున్నాను. మొదట్లో పరిగెత్తడానికే వచ్చాను, తర్వాత వాటర్ పాయింట్ దగ్గర నిలబడ్డాను, ఇప్పుడు రూట్ వేయడం దగ్గర్నుంచి చివరి చెత్త బస్తా బండి ఎక్కించేదాకా చూసుకుంటున్నాను. సముద్రం కోసం అనో, తాబేళ్ల కోసం అనో, ప్లాస్టిక్ తగ్గించాలనో బ్యానర్ మీద పేరు మారుతుంది. వచ్చేవాళ్ల భయాలు, నిర్వహించేవాళ్ల పొరపాట్లు మాత్రం ఏటా దాదాపు అవే. పర్యావరణ దినోత్సవం, అంటే జూన్ 5, దగ్గరపడితే ఫోన్లు మొదలవుతాయి కాబట్టి అందరికీ ఒకేసారి చెప్పేద్దామని రాస్తున్నాను.

అపోహ: "నేను రన్నర్‌ని కాదు, నాకెందుకు ఇవన్నీ?"

మా అపార్ట్‌మెంట్లో 61 ఏళ్ల పిన్నిగారు ఒకరున్నారు. మొదటిసారి అడిగితే "ఈ వయసులో నాకు పరుగులేంటి నాయనా, నలుగురూ చూస్తే ఏమైనా ఉందా" అన్నారు. రెండోసారి వచ్చారు. కురుసుర సబ్‌మెరైన్ మ్యూజియం దగ్గర బయల్దేరి, రెండున్నర కిలోమీటర్లు వెళ్లి వెనక్కి తిరిగి, మొత్తం నడుచుకుంటూనే 58 నిమిషాల్లో పూర్తి చేశారు. ఫన్ రన్ అంటే అంతే. చాలాచోట్ల టైమింగ్ చిప్ ఉండదు, ర్యాంకులు ఉండవు, నడవచ్చు, మధ్యలో ఆగి సముద్రం చూడచ్చు, పిల్లాడి చేయి పట్టుకుని రావచ్చు.

పరిగెత్తాలనే ఉంటే నాలుగు వారాలు చాలు. ఒక నిమిషం పరుగు, రెండు నిమిషాల నడక, ఇలా ఇరవై నిమిషాలు, వారానికి మూడు రోజులు. వారం వారం పరుగు కాస్త పెంచి నడక కాస్త తగ్గించుకుంటూ పోవాలి. పక్కవాళ్లతో పూర్తి వాక్యాలు మాట్లాడగలిగే వేగమే మీ వేగం, మాట మధ్యలో తెగుతోందంటే తగ్గించాలి. గుండె జబ్బు, షుగరు, బీపీ ఉన్నవాళ్లు ముందు డాక్టర్ని అడిగి రండి. పరుగులో ఛాతీ పట్టేసినట్టున్నా, కళ్లు తిరిగినా అక్కడే ఆగిపోయి దగ్గర్లోని వాలంటీర్‌ని పిలవండి, మొహమాటపడకండి.

అపోహ: "పరిగెడితే మోకాళ్లు అరిగిపోతాయి."

2017లో వచ్చిన ఒక పెద్ద సమీక్షలో పాత అధ్యయనాలన్నీ కలిపి చూస్తే, సరదాగా పరిగెత్తేవాళ్లలో మోకాలు, తుంటి కీళ్ల అరుగుదల 3.5 శాతం మందిలోనే కనిపించింది. పరుగు జోలికి పోకుండా కూర్చునే జీవితం గడిపేవాళ్లలో అది 10.2 శాతం. పోటీల స్థాయిలో పరిగెత్తేవాళ్లలో మాత్రం 13.3 శాతం ఉంది, అంటే ఎంత పరిగెడుతున్నామన్నది ముఖ్యం. మోకాలికి ఇప్పటికే దెబ్బ తగిలి ఉంటే అది వేరే సంగతి.

అపోహ: "మంచి షూ కొనుక్కుని వస్తాను."

కొనుక్కుంటే రెండు వారాల ముందే కొని అలవాటు చేసుకోండి. ఆ రోజు పొద్దున్న కొత్త షూ వేసుకొచ్చినవాళ్లకే మా ఫస్ట్ ఎయిడ్ టేబుల్ దగ్గర బొబ్బలకి ప్లాస్టర్లు ఎక్కువ వేస్తుంటాం. ఇంట్లో ఉన్న, పాదానికి సరిపోయే పాత జత 5 కిలోమీటర్లకి చాలు. పర్యావరణం కోసమని వస్తూ ఒక పూట కోసం కొత్త జత కొనాల్సిన పనే లేదు.

అపోహ: "బయల్దేరే ముందు లీటరు నీళ్లు తాగేయాలి, ఖాళీ కడుపుతోనే పరిగెత్తాలి."

రెండూ తప్పే. అవసరానికి మించి నీళ్లు తాగితే రక్తంలో సోడియం పడిపోతుంది. 2002 బోస్టన్ మారథాన్‌లో 488 మంది రక్తం పరీక్షిస్తే 13 శాతం మందికి సోడియం ఉండాల్సినదానికన్నా తక్కువగా ఉంది. అది 42 కిలోమీటర్ల పరుగు, మనది 5, కాబట్టి దాహం వేసినప్పుడు తాగితే సరిపోతుంది. గంట ముందు ఒక అరటిపండో, రెండు ఇడ్లీలో తినండి. షుగరు మందులు వాడేవాళ్లు అస్సలు ఖాళీ కడుపుతో రాకండి.

మన దగ్గర అసలు ప్రమాదం ఉక్కపోత. జూన్ మొదటి వారంలో విశాఖలో తెల్లవారి అయిదున్నరకే ఒళ్లంతా జిగటగా ఉంటుంది, ఎందుకంటే గాలిలో తేమ ఎక్కువగా ఉండి చెమట ఆరదు, ఆరకపోతే ఒంట్లో వేడి బయటికి పోదు. ఎండ లేదు కదా అని పరిగెత్తుతూనే ఉంటారు, ఒక్కసారిగా నీరసం కమ్ముకొస్తుంది. ఎవరైనా తడబడుతున్నా, అడిగినదానికి పొంతన లేకుండా మాట్లాడుతున్నా అది వడదెబ్బ అనుకునే కదలాలి. నీడలోకి తెచ్చి, ఒంటి మీద చల్లని నీళ్లు పోస్తూ, మెడకీ చంకల్లోనూ ఐసు పెడుతూ 108కి ఫోన్ చేయాలి. మా ప్రతి వాటర్ పాయింట్ దగ్గరా ఒక ఐసు డబ్బా కచ్చితంగా ఉంటుంది, అది లేని పరుగుకి మీ పిల్లల్ని పంపకండి.

అపోహ: "ప్లాస్టిక్ వాడట్లేదండీ, పేపర్ కప్పులే."

ఇది నన్ను ఎక్కువ బాధపెట్టే అపోహ. పేపర్ కప్పు లోపల సన్నటి ప్లాస్టిక్ పొర ఉంటుంది, అది లేకపోతే నీళ్లు పోసిన కాసేపటికే కప్పు మెత్తబడిపోతుంది. నమ్మకం కుదరకపోతే ఒక కప్పు చింపి రాత్రంతా నీళ్లలో నానబెట్టండి. పొద్దునకి కాగితం గుజ్జయి, లోపలి పొర పాలమీగడలా చేతికొస్తుంది.

నేను చూసుకున్న మొదటి పరుగుకి దాదాపు 500 మంది వచ్చారు. దారిలో రెండు చోట్ల, ముగింపు దగ్గర ఒకచోట నీళ్లు పెట్టాం. మనిషికి మూడు కప్పులనుకున్నా పదిహేను వందలు. డస్ట్‌బిన్లు పెట్టాం కానీ పరిగెత్తేవాళ్లు ఆగి డస్ట్‌బిన్ వెతకరు, రెండు గుక్కలు తాగి పక్కకి విసిరేస్తారు. సముద్రం గాలి ఎలా ఉంటుందో తెలిసిందే, ఖాళీ కప్పు రోడ్డు మీద ఒక్క క్షణం నిలవలేదు. దొర్లుకుంటూ గోడ సందుల్లోంచి దిగి రాళ్ల మధ్య పడ్డాయి, కెరటం వచ్చి తీసుకెళ్లింది. పెదజాలరిపేట నుంచి వచ్చిన ఒక పెద్దాయన ఒడ్డున వల సరిచేసుకుంటూ మావైపు చూసి, "ఏటి బాబూ, మా ఒడ్డు బాగుండాలని పరిగెట్టి, మా వలలకే కప్పులు తగిలించేసి ఎళ్లిపోతన్నారు" అన్నాడు. కోపంగా కూడా అనలేదు. ఆ రోజు మధ్యాహ్నం దాకా రాళ్ల మధ్యలోంచి ఏరుతూనే ఉన్నాం, అయినా సగం కూడా దొరకలేదు.

తర్వాతి ఏడాది షామియానా సామాన్లు అద్దెకిచ్చేవాళ్ల దగ్గర 300 స్టీలు గ్లాసులు తెచ్చాం. వాటర్ క్యాన్లు, మూడు టబ్బులు, సబ్బు నీళ్లు ఒకదాంట్లో, మంచినీళ్లు రెండిట్లో. ఇందాక చెప్పిన పిన్నిగారు తన నడక అయిపోగానే ఆ టబ్బుల దగ్గర కూర్చుని, గ్లాసులు ఎలా కడిగి బోర్లించాలో కాలేజీ పిల్లలకి చూపించారు. గ్లాసు పట్టుకుంటే ఆగి తాగాల్సిందే, అందువల్ల అందరూ నిదానంగా తాగుతున్నారు, అదీ మంచిదే. రిజిస్ట్రేషన్‌లోనే "మీ బాటిల్ మీరు తెచ్చుకోండి" అని రాస్తే సగం మంది తెచ్చుకుంటున్నారు కూడా.

అపోహ: "టీషర్టు, మెడల్, బెలూన్లు లేకపోతే జనం రారు."

వస్తారు. మొదటి ఏడాది భయపడ్డాం కానీ టీషర్టు ఐచ్ఛికం అని పెడితే పెద్దగా ఎవరూ తగ్గలేదు. ఒక్క కాటన్ టీషర్టు తయారీకి, పత్తి పండించడంతో కలిపి, దాదాపు 2,700 లీటర్ల నీళ్లు పడతాయని ఒక అంచనా. పాలిస్టర్‌దైతే ఉతికినప్పుడల్లా సన్నటి ప్లాస్టిక్ పోగులు నీళ్లలోకి పోతాయి. మీ అల్మారాలో పాత పరుగుల టీషర్టులు ఎన్ని ఉన్నాయో ఒకసారి లెక్కపెట్టుకోండి, వాటిలో ఒకటి వేసుకుని రండి చాలు.

2022 జులై 1 నుంచి దేశమంతా నిషేధించిన సింగిల్ యూజ్ ప్లాస్టిక్ జాబితాలో బెలూన్లకి పెట్టే ప్లాస్టిక్ పుల్లలు, ప్లాస్టిక్ జెండాలు, అలంకరణకి వాడే థర్మకోల్, 100 మైక్రాన్ల కన్నా పల్చని పీవీసీ బ్యానర్లు, ప్లాస్టిక్ గ్లాసులు, ప్లేట్లు, స్పూన్లు అన్నీ ఉన్నాయి. ఫ్లాగ్ ఆఫ్ వేదికని ఒకసారి చూడండి, వీటిలో ఎన్ని కనిపిస్తాయో. మేం గుడ్డ మీద పెయింటర్‌తో పేరు రాయించుకున్నాం, సంవత్సరం వేయకుండా. మూడేళ్లుగా అదే బ్యానర్ కడుతున్నాం. బెలూన్లు ఎగరేయడం మాత్రం పూర్తిగా మానేయండి, పైకి పోయినవి పగిలి మళ్లీ సముద్రంలోనే పడతాయి.

అపోహ: "రోడ్డు మీద కన్నా ఇసుకలో పరిగెత్తితే కాళ్లకీ మంచిది, ప్రకృతికీ దగ్గర."

పొడి ఇసుకలో మడమ లోపలికి దిగిపోయి పిక్క మీద, మడమ వెనక స్నాయువు మీద బరువు పడుతుంది, అలవాటు లేనివాళ్లకి మర్నాడు మెట్లు దిగడం కష్టమవుతుంది. అది మన సంగతి. తాబేళ్ల సంగతి ఇంకా పెద్దది.

జనవరి నుంచి మార్చి దాకా ఆలివ్ రిడ్లీ తల్లులు మన తీరానికి రాత్రిపూట వచ్చి, ఇసుకలో సుమారు ఒకటిన్నర అడుగు లోతు గుంట తవ్వి, వంద దాకా గుడ్లు పెట్టి, కప్పెట్టి వెళ్లిపోతాయి. 45 నుంచి 60 రోజుల్లో పిల్లలు బయటికొస్తాయి. ఫారెస్ట్ వాళ్లు గుడ్లు సేకరించి హేచరీల్లో (గుడ్లని కాపాడి పిల్లల్ని చేయించే చోట్ల) పెడుతున్నారు, అయినా వాళ్ల కంటపడని గూళ్లు ఉంటాయి. గుడ్డులోంచి వచ్చిన పిల్ల వెలుతురు ఎటు ఎక్కువగా ఉంటే అటు పాకుతుంది, చీకటి ఒడ్డున ఆ వెలుతురు సముద్రం మీదే ఉంటుంది కాబట్టి నీళ్లలోకి చేరుతుంది. మనం తెల్లవారుజామున నాలుగింటికి ఫ్లడ్ లైట్లు వేసి డీజే పెడితే అది రోడ్డువైపు తిరుగుతుంది. ఒకసారి ఫిబ్రవరిలో తాబేళ్ల పేరు మీదే జరిగిన ఒక పరుగులో జనరేటర్ లైట్లన్నీ ఇసుకవైపు తిప్పి పెట్టడం నా కళ్లారా చూశాను. ఆ నిర్వాహకులకి తెలియక చేసిందే, చెప్పగానే ఆపేశారు.

అందుకని జనవరి నుంచి మే దాకా మా పరుగు రోడ్డు దాటి ఇసుకలోకి దిగదు, వెలుతురు వచ్చాకే మొదలవుతుంది, స్పీకర్లు ఊరివైపు తిరిగి ఉంటాయి. పరుగు రూట్ వేసేవాళ్లు ముందు ఫారెస్ట్ రేంజ్ ఆఫీసులో ఒక మాట అడిగితే గూళ్లు ఎక్కడున్నాయో వాళ్లే చెప్తారు.

అపోహ: "చివర్లో ప్రతి ఒక్కరికీ ఒక మొక్క ఇస్తే పర్యావరణానికి మేలు."

నల్ల పాలిథిన్ కవర్లో ఉన్న మొక్క తీసుకుని, ఫొటో దిగి, స్కూటర్ ముందు పెట్టుకుని వెళ్లేవాళ్లలో ఎంతమందికి నాటే చోటుంది? ఫ్లాట్లలో ఉండేవాళ్లం మనం. పైగా జూన్ 5కి ఇక్కడ ఇంకా నేల తడవదు, నైరుతి రుతుపవనాలు మామూలుగా రెండో వారానికి గానీ రావు. వందమందికి పంచే బదులు ఒక స్కూలు ఆవరణలో పది వేప, కానుగ మొక్కలు జులైలో నాటి, ట్రీగార్డు కట్టి, వచ్చే రెండు వేసవులు నీళ్లు పోసే మనిషిని ముందే మాట్లాడుకోండి.

అపోహ: "అవగాహన వస్తే చాలు, మిగతాది అదే జరుగుతుంది."

అవగాహన వస్తుంది, నేను కాదనను. బీచ్ రోడ్డు మీద అయిదు వందల మంది ఒకే మాట మీద పరిగెత్తడం చూసి ఆగి అడిగేవాళ్లున్నారు, పిల్లలు ఇంటికెళ్లి తల్లిదండ్రుల్ని నిలదీస్తారు. కానీ మీరు కట్టిన ఫీజు ఎటు పోతుందో అడగండి. మా మొదటి పరుగుకి 300 రూపాయలు తీసుకున్నాం. టీషర్టు, మెడల్, టిఫిన్, స్టేజీ, సౌండు పోను చివరికి సముద్రానికి మిగిలింది సున్నా. ఇప్పుడు 150 తీసుకుంటున్నాం, అందులో సగం గోనె సంచులు, గ్లౌజులు, చెత్త మోసే ఆటో కిరాయి కింద పోతుంది, ఖర్చుల లెక్క వారంలోపు అందరికీ పంపుతాం.

ఇంకొకటి, చెత్త ఎక్కడ ఏరాలన్నది. పరుగయ్యాక ఇసుక మీద ఏరితే ఫొటోలు బాగా వస్తాయి, కానీ వారం తిరిగేసరికి అక్కడ మళ్లీ అంతే చెత్త ఉంటుంది. ఎందుకని రెండేళ్లు చూశాం. అందులో సగం బీచ్‌కి వచ్చినవాళ్లు పడేసింది కాదు, ఊళ్లోంచి గెడ్డలు, అంటే వాననీళ్లు, మురుగు పారే కాలువలు, మోసుకొచ్చింది. వాన పడితే చాలు, కాలనీల్లోని గుట్కా ప్యాకెట్లు, పాల కవర్లు, షాంపూ సాచెట్లు, తెగిన చెప్పులు గెడ్డలో పడి నేరుగా సముద్రంలోకి వచ్చేస్తాయి. కాబట్టి ఈసారి మా పరుగు మే చివరి ఆదివారానికి జరిపాం, వానలకి ముందే. ఏడింటికి పరుగు అయిపోతుంది, ఏడున్నరకి గెడ్డ సముద్రంలో కలిసే చోట, ఇంకా దాని ఎగువన రెండు వీధుల వరకు దిగుతాం. అక్కడికి వచ్చేవాళ్లు పాత బూట్లు, ఫుల్ ప్యాంటు వేసుకుని రండి, సీసా పెంకులుంటాయి. చిన్నపిల్లల్ని ఒడ్డు మీద చెత్త తూకం వేసే చోట ఉంచుతాం. బస్తాలు కట్టడానికి పురికొస తెచ్చిపెట్టండి, ప్రతిసారీ అదే తక్కువపడుతోంది.