యువే ఒపేరా: అసలు మలుపు 1942లోనే ఉంది

చైనాలో యువే ఒపేరా అనే పాటల నాటకం మీద గొడవ చల్లారినట్టే చల్లారి మళ్లీ రాజుకుంటోంది. దీనికి కారణమైన నాటకం హాంగ్‌జౌలో ఆడుతున్న ‘న్యూ డ్రాగన్ గేట్ ఇన్’. 1992 నాటి హాంకాంగ్ సినిమా కథ అది. చిన్న హాలు, హాలంతా ఒక పాతకాలం సత్రంలా కట్టి ఉంటుంది, ప్రేక్షకులు ఆ సత్రంలో దిగిన బాటసారుల్లా కూర్చుంటే నటులు వాళ్ల మధ్యలోంచి, మెట్ల మీదనుంచి, వెనకనుంచి వచ్చి పాడతారు. 2023 ఆగస్టులో ఇందులో మగవేషం కట్టే నటి చెన్ లీజున్, నాయిక వేషంలో ఉన్న లీ యున్‌షియావ్‌ను ఎత్తుకుని గిర్రున తిప్పే కొన్ని సెకన్ల వీడియో ఫోన్లలో పాకిపోయింది. ఆ తర్వాత ఆన్‌లైన్‌లో లైవ్ ఇస్తే 90 లక్షల మందికి పైగా చూశారు. అప్పటినుంచి ఒకటే వాదన. పాత అభిమానులేమో ఇది ఒపేరా కాదు, మొహాలు చూడ్డానికి వచ్చే జనం కోసం చేసిన షో అంటారు. కొత్తవాళ్లేమో మేం రాకముందు హాళ్లు ఎలా ఉండేవో గుర్తు చేసుకోమంటారు.

ఈ కళ 1906లో తూర్పు చైనాలోని జెజియాంగ్ పల్లెల్లో ధాన్యపు తొట్ల మీద తలుపు చెక్కలు పరిచి మొదలైందన్న సంగతి ప్రతి వ్యాసంలోనూ ఉంటుంది. తర్వాత ఆడపిల్లల ట్రూపులు వచ్చి మగవేషాలు కూడా వాళ్లే కట్టడం మొదలైంది, మన స్థానం నరసింహారావు గారు సత్యభామ వేసినదానికి సరిగ్గా తిరగేసినట్టన్నమాట. అక్కడ ఆగను. ఇవాళ్టి గొడవ అర్థం కావాలంటే 1942 షాంఘైకి వెళ్లాలి.

అప్పుడు యుద్ధం నడుస్తోంది, నగరం జపాన్ చేతుల్లో ఉంది. యువే ఒపేరా హాళ్లు మాత్రం కిటకిటలాడుతున్నాయి. ఆ ఏడాది ఫిబ్రవరిలో మా జాంగ్‌హువా అనే పేరున్న నటి చనిపోయింది. ఇరవై ఏళ్లు దాటాయి, అంతే. పెళ్లి చేసుకున్నందుకు చిల్లర పత్రికలు ఆమె మీద నానా రాతలూ రాశాయి, వేధింపులు, ఆపైన జబ్బు. ఆమెతో కలిసి వేషాలు వేసిన యువాన్ షుయెఫెన్‌కి అప్పటికి ఇరవై కూడా నిండలేదు. తనకీ రక్తపు దగ్గు వచ్చి ఊరికి వెళ్లిపోయారు. శరదృతువులో షాంఘై తిరిగొచ్చి, పాత పద్ధతిలో ఇక ఆడనన్నారు. తన జీతంలో ఎక్కువ భాగం తీసి రచయితల్ని, దర్శకుల్ని పెట్టుకున్నారు. ఆ అక్టోబర్‌లో దాలాయ్ థియేటర్‌లో కొత్త రకం నాటకాలు మొదలయ్యాయి.

కొత్త రకం అంటే ఏమిటో చెప్పాలి, ఎందుకంటే ఇవాళ సంప్రదాయం పేరుతో కాపాడుతున్నవాటిలో చాలా భాగం అప్పుడు పుట్టినవే. అంతకుముందు స్క్రిప్టు అనేదే లేదు. గ్రీన్‌రూమ్‌లో ఒక కాగితం అంటించేవాళ్లు, ఏ రంగంలో ఎవరు వస్తారు, ఏం జరుగుతుంది, అంతే. మాటలూ పాటలూ స్టేజి మీద అప్పటికప్పుడు అల్లుకోవాల్సిందే. యువాన్ వచ్చాక రాతలో ఉన్న సంభాషణలు, రిహార్సల్, సెట్టింగు, లైట్లు, కొత్త మేకప్, మెత్తటి రంగుల దుస్తులు వచ్చాయి. నటనలో నిజాన్ని ఆధునిక నాటకం నుంచి, నడకనీ చేతి కదలికనీ కున్‌చూ అనే పాత ఒపేరా నుంచి తీసుకున్నారు. ఆ రెండూ యువే ఒపేరాకి పాలిచ్చిన తల్లులని ఆమె అనేవారు. ఇదంతా చెడగొట్టడమే అన్నవాళ్లు అప్పుడూ ఉన్నారు.

పాట సంగతి ఇంకా ముఖ్యం. 1943 నవంబర్‌లో ‘షియాంగ్‌ఫెయ్’ నాటకంలో, భర్త తెగిన తల చూసి నాయిక ఏడ్చే ఘట్టం. యువాన్ గొంతు అలవాటైన వరస వదిలేసి ఎక్కడికో వెళ్లిపోయింది. పక్కన చైనా ఫిడేలు పట్టుకుని కూర్చున్న చౌ బావోచాయ్ ఆమె వెనకాలే వెళ్లి పెకింగ్ ఒపేరా శ్రుతిలో ఆసరా ఇచ్చాడు. ఆ ఏడుపులోంచి పుట్టిన నెమ్మదైన, లోతైన వరసే తర్వాత యువే ఒపేరాకి ప్రధాన వరస అయింది. ప్రసిద్ధ బాణీలు చాలావరకు దాని మీదే ఎదిగాయి.

1946 మేలో, చైనా ఆధునిక రచయిత లూ షున్ కథ ఆధారంగా ‘షియాంగ్‌లిన్ భార్య’ ఆడారు. రాజకుమారులూ అందగత్తెలూ ఉండే స్టేజి మీద ఒక పేద విధవ పనిమనిషి కథ. ఆగస్టులో, నడివీధిలో, ఒక రౌడీ యువాన్ మీద మలం పొట్లం విసిరాడు. ఆవిడ ఆగలేదు.

ఇవాళ్టి పాత అభిమానుల బాధలో నిజం లేదనను. ఒక బాణీ గొంతులో నిలవాలంటే ఏళ్లు పడుతుంది, కొత్త ప్రేక్షకుల్లో చాలామందికి ఏది ఏ బాణీయో తెలియదు. హాల్లో ఫ్యాన్స్ కేకలకి పాట వినపడకపోతే చిరాకు రావడం సహజమే.

కానీ వాళ్లు ఎక్కువగా ఏ పేరు చెప్పి వాదిస్తారో చూడండి. చెన్ లీజున్‌ది పాతతరం నటి యిన్ గుయ్‌ఫాంగ్ బాణీ. ఆ బాణీ పవిత్రత పోయిందంటారు. ఆ యిన్ గుయ్‌ఫాంగే 1947లో సూటు వేసుకుని, ఆధునిక యువకుడి వేషంలో స్టేజి ఎక్కి పాడారు! తర్వాత సాంస్కృతిక విప్లవం వచ్చి పాత నాటకాలన్నీ ఆగిపోయాయి, ఆమె హింస పడి సగం శరీరం చచ్చుబడిపోయింది, అయినా శిష్యులకి నేర్పారు. వాళ్లలో మావో వెయ్‌తావ్ ఒకరు. అందమైన యువకుల వేషాలకి పేరుపడ్డ మావో, 1990ల చివర్లో లూ షున్ సృష్టించిన కోంగ్ యీజీ అనే చితికిపోయిన పండితుడి పాత్ర కోసం తల గొరిగించుకున్నారు. అప్పుడూ చాలామంది అభిమానులు నొచ్చుకున్నారు.

ఇప్పుడు హాంగ్‌జౌలో సత్రంలా కట్టిన హాల్లో ఆడుతున్న నాటకానికి నిర్మాత ఆ మావో వెయ్‌తావే. అందులో చెన్ లీజున్ పాడే బాణీ 1943లో ఆ ఏడుపు ఘట్టంలో ఫిడేలు ఎత్తుకున్న శ్రుతి మీద ఎదిగినదే.