పైరు పచ్చగా ఉంటే సరిపోదు, వేరు చూడాలి: పప్పుజాతి మేతలు, నులిపురుగులపై అపోహలు - వాస్తవాలు

అపోహ: పిల్లిపెసర, ఉలవ, అలసంద నాటు పైర్లు. వాటికి నులిపురుగు పట్టదు.

వాస్తవం: నులిపురుగు (నెమటోడ్) అంటే మట్టిలో ఉండి వేళ్లను మేసే, కంటికి ఆనని సన్నటి పురుగు. కరువును తట్టుకునే పైరు దాన్నీ తట్టుకోవాలని లేదు. అలసందలో చాలా రకాలకు వేరుబుడిపె నులిపురుగు (వేళ్లను బుడిపెల్లా ఉబ్బించేది) బాగానే పడుతుంది. నిరోధక రకాలూ ఉన్నాయి. వాటి వేరులో పురుగు మేసే చోట కణాలు కొన్నాళ్లకు పాడైపోతాయి, తిండి దొరక్క పురుగు గుడ్ల దాకా రాదు. అదీ ఒక జాతి పురుగును ఆపినంత గట్టిగా ఇంకోదాన్ని ఆపకపోవచ్చు.

అపోహ: మేత ఏపుగా ఉందంటే పురుగు లేనట్టే.

వాస్తవం: ఎక్కువమంది దెబ్బతినేది ఇక్కడే. పురుగును వేళ్లలో పెట్టుకునే కోతకొచ్చే పైర్లున్నాయి. ఆడపురుగు 200 నుంచి 500 గుడ్లు పెడుతుంది. అనంతపురం ఎర్ర ఇసుక నేలల వేడికి 25-30 రోజులకో తరం. దానిమ్మ వరుసల మధ్య అలాంటి అలసంద వేస్తే మేత పశువులకు, పురుగులు దానిమ్మకు.

అపోహ: పప్పుజాతి వేళ్లకు బుడిపెలు మామూలే.

వాస్తవం: గాలిలోని నత్రజనిని పైరుకు అందించే మంచి బుడిపె వేరుకు పక్కన అంటుకుని ఉంటుంది. గోటితో గీకితే ఊడొస్తుంది, చిదిమితే లోపల గులాబీ రంగు. నులిపురుగుదైతే వేరే ఉబ్బుతుంది, గీకితే రాదు. మొక్కను పీకి చూడొద్దు, ఉబ్బిన వేళ్లు తెగి మట్టిలోనే ఉండిపోతాయి. పారతో పెళ్లగించి బకెట్ నీళ్లలో జాడించాలి.

మీ మేత రకం పురుగును ఆపుతుందో లేదో తేలాలంటే చేలో వేళ్ల దగ్గర 15-30 సెంటీమీటర్ల లోతున 10-15 చోట్ల తడిమట్టి తీసి కలపండి. సంచిని ఎండలో పెట్టొద్దు. ఆ మట్టిని కుండీల్లో నింపి, సగం కుండీల్లో ఈ పురుగు సులువుగా పట్టే బెండ, సగంలో మీ మేత విత్తనం వేసి 45 రోజులకు వేళ్లు కడిగి చూడండి. బెండకు బుడిపెలొచ్చి మేతకు రాకపోతే ఆ రకం మీ చేని పురుగును చాలావరకు ఆపుతున్నట్టే. రెండింటికీ రాకపోతే ఏమీ తేలలేదు: మట్టిలో పురుగు లేకపోవచ్చు, దారిలోనే చచ్చి ఉండొచ్చు.

అపోహ: జనుము వేస్తే నులిపురుగులన్నీ పోతాయి.

వాస్తవం: వేరుబుడిపె పురుగు దాని మీద పెద్దగా పెరగదు. ఎకరాకు 12-15 కిలోలు చల్లి, పూతకు రాగానే కలియదున్నండి. వేళ్ల మీద మచ్చలు చేసే నులిపురుగు మాత్రం జనుము మీదా బతుకుతుంది. గింజ కట్టాక పశువులకు పెట్టొద్దు, విషం.

అపోహ: చీనీ (బత్తాయి) తోటలో మేత వేస్తే చీనీ నులిపురుగు తగ్గుతుంది.

వాస్తవం: అది వేరే జాతి. చీనీ, నిమ్మ, ద్రాక్ష లాంటి కొన్నిటి మీదే బతుకుతుంది. మధ్యలో వేసిన అలసంద దాన్ని పెంచదు, చెట్టు వేళ్లను పట్టుకున్నదాన్ని చంపదు. అక్కడ మేత ఎంచుకునేటప్పుడు నీళ్ల లెక్క చూసుకుంటే చాలు.