ఇండోనేషియన్‌లో గడ్డకట్టిన ప్రత్యయాలు

‘తుంజుక్’ అంటే ఇండోనేషియన్‌లో చూపించడం. మొదటి హల్లు ‘త్’కీ దాని అచ్చుకీ మధ్య ‘ఎల్’ దూర్చితే త్-ఎల్-ఉంజుక్, ‘తెలుంజుక్’ అవుతుంది. అంటే చూపుడువేలు. ‘గిగి’ పన్ను, ‘ఎర్’ దూరితే ‘గెరిగి’, రంపానికి ఉండేలాంటి పళ్ల వరస. ‘గురుహ్’ ఉరుము, ‘ఎమ్’ దూరితే ‘గెమురుహ్’, ఎడతెగని మోత.

సూత్రం తెలిసిందిగదా అని కొత్త మాట చేయబోతే కుదరదు. ‘ఫోతో’ అనే ఎరువు మాటకు ముందు ‘మెమ్’ తగిలిస్తే ‘మెమ్‌ఫోతో’, ఫోటో తీయడం; అందరికీ అర్థమవుతుంది. అదే మాటలో ‘ఎల్’ దూర్చి ‘ఫెలోతో’ అంటే ఎవరికీ ఏమీ తట్టదు. ‘మెమ్’ బతికున్న ప్రత్యయం, ‘ఎల్’ గడ్డకట్టినది, అంటే పాత మాటల్లో మిగిలిందే తప్ప కొత్తవి పుట్టించదు. ఫిలిప్పీన్స్‌లోని బంధుభాష తగలోగ్‌లో ఇలా దూరే ప్రత్యయాలు ఇప్పటికీ క్రియల్ని నడుపుతున్నాయి: ‘సులత్’ రాత, ‘సుములత్’ రాశాడు, ‘సినులత్’ రాయబడింది.

ఇండోనేషియన్‌లో ఎందుకు ఆగిపోయింది? నాకు కనిపించే కారణం, అర్థం నిలకడగా లేకపోవడం. ‘గెతర్’ కంపనం. దానికి ‘ఎల్’ చేరితే ‘గెలెతర్’, ‘ఎమ్’ చేరితే ‘గెమెతర్’, రెండూ వణకడమే! అదే ‘ఎల్’ తెలుంజుక్‌లో వేలి పేరు ఇచ్చింది. ఏ పనికి వాడాలో తేలని పనిముట్టును ఎవరు పట్టుకుంటారు? పైగా ఇది ధాతువు మొదటినే చీలుస్తుంది, అసలు మాట కనబడదు. అందుకే గెరిగినే కొత్త ధాతువులా తీసుకుని ముందు ‘బెర్’ పెట్టి ‘బెర్‌గెరిగి’ (పళ్లున్న) అంటారు.

నేర్చుకునేవాళ్లు ‘ఎల్’ ఎక్కడ కనబడినా మధ్యలో దూరిందేనని పొరబడతారు. ‘బెలాజర్’ (చదువుకోవడం) లో ‘ఎల్’ తీసేస్తే ‘బాజర్’ మిగులుతుంది, దానికి అర్థం లేదు. అది ‘అజర్’కు ముందు చేరిన ‘బెర్’, ఈ మాటలో ‘బెల్’గా మారింది. ‘సెలాలు’ (ఎప్పుడూ) కూడా అంతే: సె + లాలు. తీసేశాక మిగిలినదానికి అర్థముందా, అది కొత్త మాటకు దగ్గరగా ఉందా అన్నవి రెండూ చూడాలి.

ముందు చేరేవాటిలోనూ గడ్డకట్టినవి ఉన్నాయి. ‘తువా’ (వయసు మీరిన) నుంచి ‘కెతువా’ (అధ్యక్షుడు), ‘కసిహ్’ (ప్రేమ) నుంచి ‘కెకసిహ్’ (ప్రియతమ) వచ్చాయి. నామవాచకాలు చేసే ఈ ‘కె’ ఇలాంటి కొన్ని మాటల దగ్గరే ఆగింది.

సంస్కృతం నుంచి వెళ్లిన ‘మాన్’ది అదే గతి: మన బుద్ధిమంతుడు అక్కడ ‘బుదిమన్’, కళాకారుడు ‘సెనిమన్’. దాని తోడు ‘వాన్’ మాత్రం ఇంకా చురుగ్గానే ఉంది. వార్త నుంచి ‘వర్తవన్’ (విలేఖరి) సరే, అరబ్బీ ‘ఇల్ము’కి కూడా అతుక్కుని ‘ఇల్మువన్’ (శాస్త్రవేత్త) అయింది.

‘కినెర్జా’ను చూసి ‘ఇన్’ లేచి కూర్చుందనుకోవద్దు. కార్యం నుంచి వచ్చిన ‘కెర్జా’ (పని) లో ‘ఇన్’ దూర్చిన ఈ మాట పనితీరుకు పేరు, ఆఫీసుల్లో రోజూ వినబడుతుంది. కానీ అలా మాట కట్టే పద్ధతి జావా భాషది.